గంప దించే చెయ్యి

పోయిన ఆదివారం మా పై వాటా చూడటానికి ఒక జంట వచ్చింది. కందుకూరు నుంచి ఒంగోలుకు మారుతున్నారట. అబ్బాయి గదులన్నీ తిరిగి కుళాయిలు తిప్పి చూశాడు. అమ్మాయి ఏడాదిన్నర పిల్లని చంకనేసుకుని బాల్కనీలో నిలబడి, వీధి చివరిదాకా చూసి అడిగింది. "పిల్లలున్నవాళ్ళకి ఇది మంచి ఏరియానేనా అక్కా?"

పిల్లలకి పాఠాలు చెప్పి బతికేదాన్ని, మాటలకి నాకెప్పుడూ కరువు లేదు. ఆ రోజు మాత్రం జవాబు వాయిదా వేశాను. "వచ్చే ఆదివారం రండమ్మా, చెప్తాను" అని పంపేశాను. ఇల్లు చూపించి, ఏరియా సంగతి చెప్పడానికి వారం గడువడిగిన ఓనరు ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉండేది. ఆమె మొన్న జూన్‌లో పోయింది.

ఆమె ఆకుకూరలమ్మేది. తెల్లారేసరికి కొత్తపట్నం వైపు నుంచి షేర్ ఆటోలో దిగేది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద వెదురు గంప, గంపలో గోంగూర, తోటకూర, చుక్కకూర, పైన తడిగుడ్డ. మనిషి పొట్టి. మెడ మాత్రం పాతిన రాయిలా నిటారుగా ఉండేది. ఎవరైనా పిలిస్తే తల తిప్పేది కాదు, ఒళ్ళంతా తిప్పేది. ఔననడానికీ కాదనడానికీ కూడా తల ఊపేది కాదు. ఔనంటే రెప్పలు వాల్చేది, కాదంటే అరచెయ్యి ఆడించేది. గంప దించేసి కూర్చున్నప్పుడూ అంతే. ఏళ్ళ తరబడి బరువు మోసిన తల, బరువు లేనప్పుడు కూడా దాన్ని మర్చిపోలేదు.

నోరు మాత్రం మెడంత స్థిరమైంది కాదు. ఎవరైనా కట్ట తీసి ఆకు గిల్లి చూస్తే "గిల్లబాక తల్లీ, నిన్ను గిల్లితే ఊరుకుంటావా?" అనేది. ముదురు కూరంటే "ముదిరింది కూర కాదు, నీ నోరు" అనేది. అందరికీ ఆమె అవ్వే. నాకూ అవ్వే. అంతకుమించి అడగలేదు.

అవ్వకి మునిసిపాలిటీ పెట్టిన వీధుల పేర్లు ఒక్కటీ తెలియవు. ఆమె పేర్లు ఆమెకున్నాయి. ఒకటి కుక్కల వీధి. ఒకటి తలుపుసందు వీధి. గేట్ల ముందు నల్ల గ్రానైటు అరుగులు మెరిసే ఒక పెద్ద కాలనీ పేరు కళ్ళ వీధి. "అక్కడోళ్ళకి కళ్ళే ఉంటయ్యి, చేతులుండవు" అనేది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వే రోజులు కావవి.

ఏడేళ్ళ కింద మేం దర్శి అవతల ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నేను అక్కడి బళ్ళో టీచర్ని, మా ఆయన చీమకుర్తి క్వారీలో సూపర్‌వైజరు, ఆయనవి షిఫ్టులు. మా పాపకి అయిదేళ్ళు. అప్పటికి రెండుసార్లు మూర్ఛ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు మిరప కోతలు. ఊరు ఊరంతా చేలల్లో ఉంది. నేను బళ్ళో రిజిస్టర్లు సర్దుకుంటున్నాను. పాప ఆడుకుంటూ పోయి కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మీద పడిపోయింది. ఎంతసేపు పడి ఉందో చెప్పేవాళ్ళు లేరు. నేను చూసేసరికి ఒక చెంప మిరప ఘాటుకి కంది వాచిపోయి ఉంది, నోట్లోంచి నురగ వస్తూనే ఉంది. ఒంగోలు చేరేదాకా బస్సులో నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు, "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప.

డాక్టరు ఒకటే చెప్పాడు. "ఆస్పత్రికి దగ్గర్లో ఉండండి. పిల్లని ఒంటరిగా వదలొద్దు. ఇంకోసారి ఇంతసేపు పడిపోతే నేను మాటివ్వలేను."

కాళ్ళావేళ్ళా పడి ఒంగోలు దగ్గరి ఊరికి బదిలీ తెచ్చుకున్నాను. పాప బడి నాలుగింటికి వదుల్తారు. నేను ఇంటికి చేరేసరికి అయిదున్నర. మధ్యలో గంటన్నర. నాకు కావలసింది ఇల్లు కాదు, ఆ గంటన్నరలో పిల్ల పడిపోతే పరిగెత్తుకొచ్చే మనిషి. కానీ టు-లెట్ బోర్డు మీద అది రాసి ఉండదు కదా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇల్లు వెతికి చూడు అనలేదంటే, వాళ్ళెవరూ మా ఇంటిపేరుతో ఊళ్ళో తిరగలేదన్నమాట. మే నెల ఎండలో పాపని వెంటబెట్టుకుని కాలికి బలపం కట్టుకుని తిరిగాను. గది చూపిస్తారు, వంటగట్టు చూపిస్తారు, మంచినీళ్ళెప్పుడొస్తాయో చెప్తారు. ఆఖర్న ఎంతో మర్యాదగా "ఇంతకీ మీరేమిట్లండీ?" అంటారు. కులమేమిటని అడగడానికి మా వైపు ఇదీ మర్యాద.

"క్రైస్తవులమండీ."

"అట్టాగా. మంచిదండీ. మా చుట్టాలెవరో కావాలన్నారు, వాళ్ళ సంగతి తేలాక ఫోన్ చేస్తాం."

ఆ ఫోన్లు ఇప్పటికీ రాలేదు. కులం అడగని ఇల్లు ఒకటి దొరికింది. మాట అయిపోయింది, అడ్వాన్సు తీసుకొస్తామని లేవబోతూ నేనే పాప జబ్బు సంగతి చెప్పాను. దాచి చేరితే నాకు కావలసిన మనిషి దొరకదు కదా. ఆ ఇంటావిడ రెండడుగులు వెనక్కేసింది. "మా కోడలు నీళ్ళోసుకుందమ్మా. ఇట్టాంటియ్యి చూస్తే మంచిది కాదు. ఏమనుకోబాక."

బయటికొచ్చి కల్వర్టు గట్టు మీద కూలబడ్డాను. బడులు తెరవడానికి పది రోజులుంది. పాప దాహమంటోంది. సీసాలో నీళ్ళయిపోయాయి. ఉద్యోగం మానేద్దామా అంటే మందులెట్టా అని, మానకుండా ఉందామా అంటే పిల్లెట్టా అని ఏడుపొచ్చేసింది. వీధిలో ఏడుస్తున్నానన్న సిగ్గు కూడా లేదు.

"ఏవమ్మాయ్, ఏడుపు తర్వాతన్నా ఏడవొచ్చు. ముందు గంప దించు."

తలెత్తితే అవ్వ, ఆమెని చూడటం అదే మొదటిసారి. లేచి గంపకి చెయ్యేశాను. నిండు గంపని ఒంటరిగా దించుకోవడం, ఎత్తుకోవడం ఎవరివల్లా కాదని నాకు తెలుసు. మా అమ్మ పత్తి మూటలు మోసింది. నడుం వంచి, మోకాలి దన్నుతో దించాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి రెప్పలు వాల్చింది. పాపకి తన సీసాలోని నీళ్ళు తాగించింది. సంగతంతా విని అడిగింది.

"నువ్వు ఇల్లు చూస్తన్నావా, వీధి చూస్తన్నావా?"

"రెండూ చూస్తన్నా అవ్వా."

"అందుకే దొరకలా. రేపు పొద్దున్నే నా ఎనకాల రా. నోరు తెరవబాక. నేను ప్రతి గేటు కాడా గంప దించమంటా. ఎవరు చెయ్యేస్తారో చూడు."

మూడు పొద్దుటిపూటలు ఆమె వెనక తిరిగాను. పాపని మా చర్చి పాస్టరమ్మగారి దగ్గర వదిలి వచ్చేదాన్ని. చదువుకున్నదాన్ని, ఆకుకూరల గంప వెనక నడుస్తూ వీధులకి పరీక్ష పెడుతున్నాను.

కళ్ళ వీధిలో నాలుగు గేట్ల ముందు నిలబడింది. మేడ మీంచి "ఏమున్నయ్యి?" అంటారు. "దించితే చూపిస్తానమ్మా" అంటుంది. "అక్కడ పెట్టు" అంటారు. ఎట్టా పెడుతుంది? నెత్తిన నిండు గంప. అలా చూస్తూ నిలబడతారు. నేను ముందుకు కదలబోతే అవ్వ అరచెయ్యి ఆడించి ఆపేసింది. తర్వాతి వీధిలో మూడిళ్ళలో చెయ్యి పడింది. నేను ఆశగా చూశాను. "అయ్యి పనిమనుషుల చేతులు. పనమ్మాయి రాని రోజు నీ బిడ్డ పడితేనో?" అంది. తలుపుసందు వీధిలో తలుపు జానెడు తెరిచి వద్దని మూసేశారు. ఒకచోట మాత్రం ఒకాయన పాపం దించబోయి, లోపలి నుంచి "ఇప్పుడే స్నానం చేశారు, ముట్టుకోమాకండి" అని వినపడగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు. అవ్వకి కోపం రాలేదు. "మనిషి మంచోడే. చేతులే ఆయనవి కావు" అంది.

మూడో రోజు ఇదిగో, ఈ వీధికి తీసుకొచ్చింది. అప్పుడు ఇంత వెడల్పు లేదు. పక్కన తెరిచిన కాలవ, సగం ఇళ్ళు రేకులవి, ఒక కొబ్బరికాయల కొట్టు. చూడగానే నా ముఖం ముడుచుకుంది. అవ్వ గొంతెత్తి "గంప దించండమ్మా" అందో లేదో, ఎదురింట్లోంచి లుంగీ కట్టుకున్న ఒక లావుపాటాయన నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. పేస్టు నురగ గడ్డం మీద కారుతుంటే ఒక్క మాట లేకుండా గంప దించి, అలాగే వెనక్కెళ్ళి పుక్కిలించుకున్నాడు. కూర కొనలేదు. కొనాలనే ఆలోచన కూడా ఉన్నట్టు లేదు. అవ్వ రెప్పలు వాల్చింది.

మేం ఆగిన గేటు లోపలి ఇంట్లో వెనక వాటా ఖాళీ. ఓనరు ఒక రైతు భార్య, భర్త పోయాక ఒంటరిగా ముందు గదిలో ఉండేది. మేమంతా ఆంటీ అనేవాళ్ళం. ఆమె కూడా అడిగింది. "మీరేమిట్లు?"

నేను జవాబు చెప్పేలోపే అవ్వ మధ్యలో దూరింది.

"ఏవిట్లయితే నీకెందుకు? నువ్వు నా గంప దించేటప్పుడు ఏవిట్లని అడిగావా? ఈ బిడ్డ కూడా ఒక గంపే. దానికి మూర్ఛ. తల్లి రావడానికి గంటన్నర ఆలస్యమైద్ది. ఆ గంటన్నర దించుకుంటావా, దించుకోవా? అది చెప్పు."

ఆంటీ పాపని దగ్గరికి పిలిచి చూసింది. తర్వాత పాప ఏం తింటుందని అడిగింది.

బయటికొచ్చాక నేను అవ్వతో అన్నాను. "ఆమె కూడా కులం అడిగింది కదా అవ్వా."

"అడిగితే అడిగింది. నోరు వాళ్ళ అమ్మానాన్నలిచ్చింది. చెయ్యి తనది."

నీకేమివ్వమంటావని అడిగితే అరచెయ్యి ఆడించింది. "నాకేవీ వద్దు. ఈ వీధిలో ఉన్నన్నాళ్ళు నా గంప దించు. అదే." ఇంత చిన్న కోరికా అనుకుని ఒప్పుకున్నాను.

చేరిన రెండో నెలలో పాప పడిపోయింది. సాయంత్రం నాలుగున్నరకి. నేను వచ్చేసరికి వాకిట్లో జనం. పరిగెత్తాను. పాప పక్కకి తిరిగి పడుకుని ఉంది. తల కింద తడి గుడ్డ మడత, గోంగూర వాసన వేస్తోంది. మిగిలిన కట్టలు అమ్ముకోవడానికి ఆ రోజు సాయంత్రం కూడా తిరుగుతున్న అవ్వ తన గంప మీది గుడ్డ తీసి పెట్టింది. బ్రష్షాయన పాప భుజం పట్టుకుని పక్కకి ఆపి ఉన్నాడు. ఆంటీ తన నడుముకున్న తాళాల గుత్తి తీసి పాప పిడికిట్లో పెట్టి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో మూసి కూర్చుంది. ఇనుము చేతిలో పెడితే మూర్ఛ తగ్గదని నేను బళ్ళో పిల్లలకి చెప్తాను. ఆ రోజు చెప్పలేదు. ఆ చేతులు తియ్యమని ఏ సైన్సు చెప్పినా నేను వినేదాన్ని కాదు.

పాప కళ్ళు తెరిచి ముందు చూసింది ఆ తాళాలనే. తర్వాత కూడా ఎప్పుడు మూర్ఛ వచ్చినా అంతే, లేచేసరికి చేతిలో ఎవరో ఒకరి తాళాలుండేవి.

అలా ఉన్న వీధిని నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి.

బ్రష్షాయన పోయాడు. ఆయన కొడుకులు ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపారు. ఆంటీ గుంటూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఇల్లు మాకే అమ్మింది. మేమూ పైన ఒక వాటా వేశాం. కాలవ మీద బండలు పడ్డాయి. గేట్లు ఎత్తయ్యాయి, మాది అందరికంటే ఒక జానెడు ఎక్కువే. పాపకి మందులు పట్టాయి, మూర్ఛ రావడం బాగా తగ్గింది. కూరలు శుభ్రం చేసి కవర్లో పెట్టి అమ్మే షాపొకటి మెయిన్‌రోడ్డు మీద పెట్టారు. రికార్డు చేసిన గొంతుతో అరుస్తూ కూరగాయల ఆటో వస్తోంది. ఏరు దాటాక తెప్ప తగలేశాననను. అది కూడా చెయ్యలేదు నేను, ఒడ్డున వదిలేసి మర్చిపోయానంతే.

అవ్వ మాత్రం రోజూ మా గేటు ముందు నిలబడేది. కొనమని కాదు, దించమని. మెడ నిటారుగానే ఉండేది గానీ కాళ్ళు వణికేవి. నాకు పొద్దున్నే హడావుడి. తొమ్మిదిలోపు బళ్ళో ఉండి ఫోన్‌లో ముఖం చూపిస్తేగానీ హాజరు పడదు. "పాపా, అవ్వకి దించు" అని లోపలి నుంచే కేకేసేదాన్ని. పాప వెళ్ళేది. ఇద్దరూ గేటు దగ్గర ఏవో మాట్లాడుకునేవాళ్ళు. వినడానికి నాకు తీరిక లేదు.

జూన్‌లో, బడులు తెరిచిన వారం. పొద్దున ఎనిమిదికే ఎండ మాడ్చేస్తోంది. పాప స్నానానికెళ్ళింది. నేను ఫోన్ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయి, ఛార్జరెక్కడుందో తెలియక, క్యారేజీ సర్దుకోక చిరాకులో ఉన్నాను.

"అమ్మాయ్, గంప దించు తల్లీ. కూర వద్దులే."

"వస్తన్నా అవ్వా, ఒక్క నిమిషం."

ఆ నిమిషం ఎంతసేపో నాకు తెలియదు. స్కూటీ తీసుకుని బయటికొచ్చేసరికి ఆమె గేటు స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. రెండో చెయ్యి గంప మీద. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. స్కూటీకి స్టాండు వేసి, బ్యాగు తీసి, గంప దించి, మళ్ళీ ఎత్తాలి. నేను గడియారం చూసుకున్నాను.

"ఆలస్యమైపోయింది అవ్వా. పక్కింట్లో పిలువు."

 నోటికి అడ్డూ అదుపూ లేని మనిషి ఒక్క మాట కూడా అనలేదు. స్కూటీ కదిలించి అద్దంలో చూశాను. తల తిప్పకుండా, ఒళ్ళంతా తిప్పి, పక్క గేటు వైపు నడుస్తోంది. ఆ గేటుకి తాళం వేసి ఉందని నాకు తెలుసు. అయినా స్కూటీ ఆపలేదు.

బడికి వేళకే చేరాను. హాజరు పడింది. ఆ వెంటనే ఫోన్ చచ్చిపోయింది.

సాయంత్రం అయిదున్నరకి వస్తే ఇంటికి తాళం. పాప లేదు. నా తర్వాత ఇల్లు తాళం వేసుకుని బడికెళ్ళేది పాపే, తాళాలు దాని దగ్గరే ఉంటాయి. గేటు పట్టుకుని పిలిచాను. పక్కింటి మేడ మీంచి ఒకావిడ తొంగి చూసి "తెలీదండీ" అని లోపలికెళ్ళింది. ఎదురు మూడంతస్తుల్లో ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఏడేళ్ళ కిందటి భయం మొత్తం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. పొద్దున ఆమె పట్టుకున్న స్తంభాన్నే పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన బండి మీద వచ్చి చెప్పేదాకా అలాగే ఉన్నాను.

అవ్వ ప్రతి గేటు ముందూ నిలబడిందట. వీధి చివరిదాకా వెళ్ళిందట. కల్వర్టు దగ్గర గంపతో సహా పడిపోయింది. బడి బస్సు కోసం వెళ్ళిన మా పాప చూసి, ఆమెని పక్కకి తిప్పి, గంప మీది గుడ్డ మడిచి తల కింద పెట్టి అరిచింది. ఇళ్ళలోంచి ఎవరూ రాలేదు. వచ్చింది కూరగాయల ఆటో అబ్బాయి. ఎవడి ఆటో వచ్చి ఆమె బేరం పోయిందో వాడే ఆమెని ఎత్తి, టమాటాల ట్రేలు కింద పెట్టేసి, రికార్డు ఆపడం కూడా మర్చిపోయి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆస్పత్రి ఫోన్ నుంచి పాప వాళ్ళ నాన్నకి చెప్పింది. నాకు చేస్తే కలవలేదు.

మధ్యాహ్నానికల్లా అవ్వ పోయింది.

నేను వెళ్ళేసరికి పాప బెంచీ మీద కూర్చుని ఉంది. యూనిఫాం నిండా ఆకుపచ్చ మరకలు. నన్ను చూసి ఏడవలేదు. "తాళాలు అవ్వ చేతిలో పెట్టానమ్మా, నాకు పెట్టేవాళ్ళు కదా" అంది. ఆ పిడికిలి విప్పడానికి నర్సు ఒక్కో వేలూ తియ్యాల్సి వచ్చిందట. ఆమె పేరేమిటని కాగితాల దగ్గర అడిగితే నేను తెల్లముఖం వేశాను. చెప్పింది పాపే. ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఏడేళ్ళూ అడగనిదాన్ని, ఇప్పుడు రాసుకునే మొహం నాకు లేదు.

ఆ తాళాలతోనే రోజూ తలుపు తీస్తున్నాను. పాపకి మళ్ళీ ఎప్పుడైనా రావచ్చని డాక్టరు మొన్న కూడా అన్నాడు. ఆ గంటన్నర ఇంకా అలాగే ఉంది. ఈసారి పడితే ఎవరొస్తారని ఒక్కో గేటూ లెక్కపెట్టుకుంటాను. మా గేటు దగ్గరికి రాగానే ఆగిపోతాను.

రేపు ఆదివారం. ఆ అమ్మాయి పిల్లని ఎత్తుకుని మళ్ళీ వస్తుంది. అవ్వ ఉంటే మా వీధికి ఏం పేరు పెట్టేదో నాకు తెలుసు, అదే చెప్తాను. "ఇది ‘పక్కింట్లో పిలువు’ వీధమ్మా. ఆ మాట అన్నది నేనే."